కలుపు మందు

"ఎవరు కొట్టారీ మందు? ముందు ఆ సంగతి చెప్పండి నాకు."

ఆడపడుచు గేటు దగ్గరే ఆగిపోయింది. భుజాన సంచి, సంచిలో తమ్ముడు ఫోన్‌లో తెమ్మన్న గడ్డి విత్తనాలు. ఎదురుగా లాన్ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తుప్పు రంగులో పడి ఉంది. చలికి వడలిన గడ్డయితే నాలుగు ఎండలు తగిలేసరికి తేరుకుంటుంది. ఇది వేళ్ళతో సహా చచ్చింది.

"నేనే కొట్టాను వదినా," అంది కోడలు. మోకాళ్ళ మీద కూర్చుని చచ్చిన గడ్డిని పారతో పెచ్చులు పెచ్చులుగా లేవదీస్తోంది. తల ఎత్తలేదు.

"నువ్వా?"

"మామయ్యగారు కొట్టమన్నారు."

"నాన్న!" ఆడపడుచు నవ్వింది. వినేవాళ్ళకి నవ్వు రాని నవ్వు అది. "ఈ గడ్డి మీద మమ్మల్ని చెప్పులేసుకుని నడవనిచ్చేవాడు కాదు. బంతి పడితే కుంటికాలితో గెంతుతూ వెళ్ళి తెచ్చుకోమనేవాడు, రెండో కాలు ఆనితే గడ్డి నలుగుతుందని. ఆయన కొట్టమన్నాడా, గడ్డి చచ్చే మందు?"

ఆయన వరండాలోనే ఉన్నారు. చక్రాల కుర్చీలో, ఒళ్ళో దుప్పటి కప్పుకుని, అన్నీ వింటున్నారు. రైలు గార్డుగా పచ్చజెండా ఊపిన కుడిచెయ్యి పోయినేడాది పక్షవాతంతో పడిపోయింది. కుడికాలూ అంతే. వాటితోపాటే మాట. వినపడుతుంది, అర్థమూ అవుతుంది, చెప్పబోతేనే చిక్కు. ఒకటో రెండో మాటలు, అవీ గొంతులో ఎంతో పెనుగులాడితే గాని బయటికి రావు. పోనీ తల ఊపమంటే అన్నిటికీ ఊపుతారు, అవుననడానికీ కాదనడానికీ ఒకటే ఊపు.

ఆ ముక్కల్ని పట్టుకుని ఆయనకేం కావాలో చెప్పగలిగింది ఆ ఇంట్లో కోడలొక్కతే. అందుకే అత్తగారు ఆమెకి దుబాసి అని పేరు పెట్టింది. "ఇన్నేళ్ళు కాపురం చేశాను, నాకే ఈయన గొణుగుడు తెలిసి చావదు. నిన్నగాక మొన్నొచ్చిన దానివి, నీకెలా తెలుస్తుందే?" అని మురిసిపోయేది. వీధిలో అందరికీ ఆ పేరే అలవాటైంది. పోస్టుమాన్ కూడా గేటు దగ్గర నిలబడి "దుబాసమ్మగారూ!" అని కేకేసేవాడు.

అత్తగారు పోయాక ఆ పేరు పెట్టి పిలిచే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"ఆయన ఏమన్నాడు? ఉన్నది ఉన్నట్టు చెప్పు," అంది ఆడపడుచు. బళ్ళో సైన్సు పాఠాలు చెప్పే మనిషి. జవాబు సగం చెప్పి వదిలేస్తే ఊరుకోదు.

"'కలుపు… మందు' అన్నారు. చెయ్యి లాన్ అంతటా తిప్పి చూపించారు. గడ్డిలో కలుపు కూడా బాగా లేచి ఉంది వదినా. అదే కాబోలనుకున్నాను."

"కాబోలనుకున్నావు! కలుపు మందు ఇటుకల దారికి కొట్టేది. ఇటుకల సందుల్లో లేచే పిచ్చిమొక్కలకి. గడ్డికి కొడితే గడ్డి ఉంటుందా? ఆ డబ్బా మీద రాసుంటుందిగా!"

"చదివాను. కలుపు మందు అనే ఉంది. ఆయనా అదే అన్నారు."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది."

కోడలు ఇంకో పెచ్చు లేవదీసింది. ఏం చెబుతుంది? చలికాలమంతా ఆయన నోరు తెరవలేదు. భార్యని సాగనంపి వచ్చిన రోజు నుంచి ఒక్క ముక్క లేదు. మందు కొట్టిన పూట, మొదటిసారి ఎండ కాస్త వెచ్చగా కాసిందని కుర్చీ వరండాలోకి తోసుకొచ్చింది. ఆయన లాన్ వైపు చూసి, ఎడమచెయ్యి ఎత్తి, ఆ రెండు మాటలూ అన్నారు. ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొంగు బిగించి షెడ్డులోకి పరుగెత్తింది. ఒక్క జానెడు కూడా వదలకుండా, ఎంతో శ్రద్ధగా, ఎంతో ఆనందంగా కొట్టింది. నిర్లక్ష్యంగా కొట్టి ఉంటే కనీసం అక్కడో మూల ఇక్కడో మూల గడ్డి మిగిలేది.

"అక్కా, అయిందేదో అయింది. పట్టు, ఆ చివర నువ్వు పట్టు," అన్నాడు తమ్ముడు. ప్రెస్సులో పని. ఇంటిపనికి చిక్కేది ఆదివారమే. పొద్దున్నుంచీ గునపంతో మట్టి గుల్ల చేస్తున్నాడు. భార్యని ఒక్క మాటా అనలేదు. ఆమె వైపు చూడనూ లేదు.

పని సాగింది. చచ్చిన గడ్డి చుట్టలు గోడవార కుప్ప పడ్డాయి. వాటి కింద మట్టి గట్టిగా, తడిగా, చల్లగా ఉంది. తమ్ముడు పెళ్ళగిస్తుంటే అక్క గడ్డలు చితక్కొట్టి ఇనప పళ్ళ కర్రతో చదును చేసింది. రాళ్ళూ వేళ్ళూ ఏరడం కోడలి వంతు. ముగ్గురూ మూడు మూలల. ఎవరి దగ్గరకైనా బకెట్ వెళ్ళాలంటే నేల మీద జరిపేవాళ్ళు గాని చేతికి అందించేవాళ్ళు కాదు.

"విత్తనాలు ఈపాటికి చల్లేసి ఉండాలి," అంది ఆడపడుచు. "ఎండ ముదిరితే మొలకలు మాడతాయి."

"ఆ మందు మట్టిలో ఉండగా చల్లితే మొలుస్తాయా?" అన్నాడు తమ్ముడు.

"కొన్నాళ్ళు ఆగాలి. చంపడానికి ఒక్క పూట చాలు. మళ్ళీ మొలిపించడానికే కాలం కావాలి." చేతిలో కర్ర ఆపింది. "అమ్మ విషయంలో అదీ లేదు."

"అక్కా!"

"ఏం? అనకూడదా? నేను రైలు దిగి వచ్చేసరికి గొట్టం తీసేశారు. ఒక్క పూట ఆగలేకపోయారు. ఆ రోజూ ఇంతేగా! 'మామయ్యగారు అన్నారు.' ఈ రోజూ ఇంతే. 'మామయ్యగారు అన్నారు.'"

కోడలి వేళ్ళు మట్టిలో అలాగే ఉండిపోయాయి.

ఆ రోజు సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. ఆస్పత్రిలో అత్తగారికి ఊపిరి యంత్రం మీద ఆడుతోంది. డాక్టరు బయటికొచ్చి, ఉంచమంటే ఇంకొన్నాళ్ళు ఉంచుతాం, ఆశ మాత్రం తక్కువ, మీరే తేల్చుకోండి అన్నాడు. కొడుకు గోడకి ఆనుకుని కూలబడ్డాడు. "నాన్న ఏమంటే అది," అన్నాడు. లోపలికి రాలేనన్నాడు. కుర్చీ తోసుకుంటూ కోడలే మామగారిని మంచం దగ్గరకి తీసుకెళ్ళింది, కోడలే అడిగింది, కోడలే తిరిగొచ్చి చెప్పింది: "ఇక చాలట. తీసేయమంటున్నారు." ఆ మాట మీదే తీశారు.

"ఆయన స్పష్టంగానే అన్నారు వదినా," అంది ఇప్పుడు, మట్టికేసి చూస్తూ.

"కలుపు మందు కూడా స్పష్టంగానే అన్నాడుగా?"

"దానికీ దీనికీ ముడిపెట్టకు," అన్నాడు తమ్ముడు. గునపం ఎత్తి మళ్ళీ మట్టిలో దించాడు, అవసరమైన దానికన్నా లోతుగా.

కోడలు లేచి కుళాయి దగ్గరకి వెళ్ళి చేతులు కడుక్కుంది. తల తిప్పకపోయినా వరండాలోంచి ఆయన చూపు వీపున తగులుతున్నట్టే ఉంది. అత్తగారు పోయిన నాటి నుంచి మామగారు ఆమె చేత్తో ముద్ద తినలేదు. చెంచా దగ్గరకి తీసుకెళ్తే పెదాలు బిగించేవారు. కొడుకు పెడితే తినేవారు. దుఃఖం కదా, ఆ దుఃఖం ఎవరో ఒకరి మీద పడుతుంది కదా, అని తనకి తాను సర్దిచెప్పుకుంది. ఇన్నాళ్ళూ ఆ సర్దుబాటుతోనే నిద్రపోయింది.

తమ్ముడు చేతులు దులుపుకుని వరండా మెట్ల దగ్గరకి వచ్చాడు. అమ్మ సంగతి మళ్ళీ అక్క నోట రాకుండా ఉండాలంటే ఇంకో పని చూసుకోవాలి. స్తంభాన్ని చుట్టుకుని రోజా తీగ ఉంది. అత్తగారు పెట్టింది. ఆకు లేదు, చిగురు లేదు, పుల్లలు నల్లబడి ముళ్ళు మాత్రం కరుగ్గా నిలబడ్డాయి.

"ఇదీ పోయినట్టే ఉంది. ఎలాగూ తవ్వుతున్నాం, ఇదీ మొదలంటా తీసేస్తే మంచి మొక్క ఏదైనా పెట్టుకోవచ్చు. ఏం నాన్నా? తీసేద్దామా?"

పెద్దాయన తీగ వైపు చూశారు. పెదాలు కదిలాయి. మెడ నరాలు బిగుసుకున్నాయి.

"వద్దు…" అన్నారు. ఊపిరి పీల్చుకున్నారు. "తియ్యి."

అలవాటు పొమ్మంటే పోదు. కొడుకు తల వెంటనే భార్య వైపు తిరిగింది. "ఏమంటున్నాడు?"

కోడలు ఒక్క క్షణం తటపటాయించింది. "వద్దట. తీసేయమంటున్నారు."

"చూడ్డానికి కష్టంగా ఉంటుంది పాపం," అంది ఆడపడుచు. ఈ ఒక్కదానికి ఆవిడా అడ్డు చెప్పలేదు.

తమ్ముడు పెద్ద కత్తెర తెచ్చి బొటనవేలంత లావు కొమ్మని పట్టి నొక్కాడు. కటుక్కున తెగింది.

కుర్చీలోంచి వచ్చిన కేక మనిషి కేకలా లేదు. పెద్దాయన మంచి చేత్తో కుర్చీ చెయ్యి పట్టుకుని లేవబోయారు, లేచారు కూడా, మరుక్షణం మెట్ల మీదికి పక్కకి ఒరిగిపోయారు. కొడుకు కత్తెర పారేసి పట్టుకునేలోపే ఆయన ఎడమచెయ్యి తీగ మొదలు దొరకబుచ్చుకుంది. ముళ్ళు అరచేతిలో దిగాయి. వదల్లేదు.

"నాన్నా! వదులు! నెత్తురు వస్తోంది, వదులు నాన్నా!"

"వద్దు… తియ్యి. వద్దు… తియ్యి."

"తియ్యమంటాడు, తీస్తే పట్టుకుంటాడు. ఇదేం విడ్డూరం?" కొడుకు ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విప్పబోయాడు.

ఆడపడుచు తెగిన కొమ్మని చేతిలోకి తీసుకుని చూస్తోంది. పైన నలుపే గాని, తెగిన చోట లోపల లేతాకుపచ్చగా, తడిగా ఉంది. ఆవిడ కొమ్మని చూసింది, తండ్రి పిడికిలిని చూసింది, ఆ వెనక చచ్చిన లాన్‌ని చూసింది.

"ఒరే, ఆగు," అంది. "ఇది బతికే ఉంది. నాన్న తియ్యమనడం లేదు. తియ్యొద్దంటున్నాడు."

"ఏమిటి నువ్వనేది?"

"ముందు రావలసిన మాట వెనక వస్తోందిరా. వెనకది ముందు. ఆ చివరి అక్షరం కూడా సరిగ్గా పలకడం లేదు, విన్నావా? 'తియ్య వద్దు' అనబోతే 'వద్దు తియ్యి' అని వస్తోంది." ఆవిడ మాట వేగం అందుకుంది. "లాన్ కూడా అంతే! అమ్మ ఎప్పుడూ ఏమనేది? 'చలి పోయింది, గడ్డికి మందు కలుపు' అనేది గదా, ఆ బలం మందు, బకెట్‌లో కలిపి చల్లేది. నాన్న అదే అన్నాడు. మందు కలుపు అన్నాడు. అది తిరగబడి కలుపు మందయింది!"

కొడుకు తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి, తువ్వాలుతో అరచెయ్యి అదిమి పట్టి, ఆ ముఖంలోకి చూశాడు. "నిజమేనా నాన్నా? నీకేం కావాలో చెప్పు. ఏదైనా సరే, చెప్పు."

పెద్దాయన పెదాలు వణికాయి. "ఇవ్వు… నీళ్ళు."

"చూశావా! ఇవ్వు నీళ్ళు!" ఆడపడుచు చప్పట్లు కొట్టినంత పని చేసింది. "ఇన్నాళ్ళూ ఇలాగే అంటున్నాడు, మనకే తట్టలేదు. నీళ్ళివ్వు అన్నా ఇవ్వు నీళ్ళు అన్నా ఒకటేగా, ఎలా తడుతుంది? వద్దు అన్నం అన్నా అన్నం వద్దనేగా!"

తమ్ముడు నవ్వేశాడు. నీళ్ళ గ్లాసు తండ్రి నోటికి పట్టిస్తూ, సగం ఆయన చొక్కా మీద ఒలకబోస్తూ నవ్వాడు. "అంతేనన్నమాట! మాట తిరగేసి వింటే చాలు. నాన్నా, ఇక నీకు దిగుల్లేదు. నువ్వేమన్నా మాకు తెలిసిపోతుంది." పక్షవాతం వచ్చాక మొదటిసారి పెద్దాయన ముఖంలో ఒక వైపు నవ్వు కదిలింది. కళ్ళు చెమర్చాయి. అక్కా తమ్ముడూ ఇద్దరూ చెరోపక్కా ఆయన మోకాళ్ళు పట్టుకుని పిల్లల్లా ఆయన ముఖంలోకి చూస్తున్నారు. ఇన్ని నెలల తర్వాత ఆ ఇంటికి ఒక సంతోషం వచ్చింది.

కోడలు కుళాయి దగ్గరే ఉంది. నీళ్ళు కారిపోతున్నాయి. కట్టాలని తట్టలేదు. వదిన చెప్పడం పూర్తి కాకముందే ఆమెకి అంతా తెలిసిపోయింది. ఇక మిగిలిందల్లా వాళ్ళకి ఎప్పుడు తెలుస్తుందనేదే.

ఎంతోసేపు పట్టలేదు.

ఆడపడుచు నవ్వు ముందు కళ్ళలో ఆగిపోయింది, తర్వాత పెదాల మీద. తండ్రి మోకాలి మీంచి చెయ్యి తీసింది. నెమ్మదిగా లేచి నిలబడింది.

"కుళాయి కట్టెయ్యి," అంది.

కోడలు కట్టేసింది.

"ఆ రోజు ఆస్పత్రిలో నాన్న ఏమన్నాడు?"

"అక్కా, ఇప్పుడు అదెందుకు…"

"నువ్వు నోర్ముయ్యరా. గోడ పట్టుకుని కూర్చున్నవాడివి." తమ్ముడి వైపు చూడనేలేదు. "అమ్మాయ్, నిన్నే. నువ్వు బయటికొచ్చి మాకు చెప్పింది కాదు. అది నాకు తెలుసు. ఆయన నోట్లోంచి ఊడిపడ్డ మాటలు ఏమిటి?"

గుర్తు లేదని చెప్పొచ్చు. 'చాలు' అన్నారని చెప్పొచ్చు, చాలు అనే మాట తిరగేసినా చాలే. ఆ గదిలో ఉన్నది ముగ్గురు. ఒకరు లేరు, ఇంకొకరు చెప్పలేరు. భర్త కళ్ళు ఆమెని బతిమాలుతున్నాయి. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కించమని, ఆమెనే కాదు, తననీ గట్టెక్కించమని. ఇద్దరం కలిసి బతకాలి కదా అన్నట్టు చూస్తున్నాడు.

ఆమె మామగారిని చూసింది. ఆయన అప్పటికే ఆమెనే చూస్తున్నారు. చలికాలమంతా చూసిన చూపే. అది దుఃఖం అనుకుంది. ఎందుకిలా చేశావని అడగడం అని ఇప్పుడు తెలిసింది.

"అత్తయ్యగారి చెయ్యి పట్టుకున్నారు," అంది కోడలు. "గొట్టం తీసేయమంటారా మామయ్యగారూ అని అడిగాను. ఆయన…"

"ఊఁ."

"'వద్దు… తియ్యి' అన్నారు."

గోడవతల ఎవరిదో సైకిల్ బెల్లు మోగుతూ పోయింది.

"రెండుసార్లు అన్నారు వదినా. నేనే… ఇక వద్దు, తియ్యి అంటున్నారనుకున్నాను. ఆవిడ బాధ చూడలేక అంటున్నారనుకున్నాను. నాకు అర్థమైందనే అనుకున్నాను."

ఆడపడుచు ఒంటికాలి మీద లేస్తుందనుకుంది కోడలు. కొడుతుందనుకుంది. ఆవిడ మెట్టు మీద కూలబడి, రెండు చేతులతో నోరు మూసుకుని, అమ్మా అని మాత్రం అంది. తమ్ముడు ఇంకా తండ్రి అరచేతికి తువ్వాలు అదిమిపట్టే ఉన్నాడు. "ఆ రోజు అలా తిరగబడి ఉండదు," అన్నాడు. "అప్పటికి బాగానే మాట్లాడేవాడు. కదా? బాగానే మాట్లాడేవాడు కదా నాన్నా?" పెద్దాయన తల ఊపారు. ఆ ఊపు ఎవరికి పనికొస్తుంది?

కోడలు కొంగుతో చేతులు తుడుచుకుంది. ఇంట్లోకి వెళ్ళాలంటే ఆ మెట్ల మీదుగానే వెళ్ళాలి, వాళ్ళ ముగ్గురి మధ్యలోంచి. ఆమె అటు వెళ్ళలేకపోయింది. పెళ్ళగించిన మట్టి మీదుగా, పాదాలు దిగబడుతుంటే, గేటు వైపు నడిచింది. ఎక్కడికో తనకే తెలియదు. భర్త పిలవలేదు.

గేటు గడియ మీద చెయ్యి వేసేసరికి వెనక కుర్చీ చక్రం కిర్రుమంది. మెడ నరాలు బిగిసే ఆ పెనుగులాట, ఆ గురగుర, ఎంత దూరం నుంచైనా ఆమె గుర్తుపడుతుంది.

"వద్దు…" అన్నారు మామగారు. ఊపిరి అందుకోవడానికి ఆగారు. ఆమె గడియ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"పో."

వరండాలో ఎవరూ కదల్లేదు. ఆ రెండు మాటల్నీ ఎటు నుంచి వినాలో చెప్పమని ఈసారి ఎవరూ కోడలి వైపు చూడలేదు.